గండి ఎగువన మట్టి దిమ్మెలు

లెక్క మరీ చక్కగా కుదిరితే నాకు అనుమానం వస్తుంది. మట్టి పనిలో జీవితం గడిపినవాడికి ఇది జబ్బులా పట్టుకుంటుంది. మట్టి కాగితం మీద ఉన్నట్టు నేల మీద ఉండదు. తవ్వితే పొంగుతుంది, పోస్తే కుంగుతుంది, వాన పడితే జారుకుంటుంది. తవ్విన లెక్కా పోసిన లెక్కా కాస్త అటూ ఇటూగా ఉంటేనే నాకు నిద్ర పడుతుంది. రెండూ అచ్చంగా ఒకటైతే ఎవరో నీడన కూర్చుని రాశారన్నమాట. నా ఉద్యోగంలో ఒక్కసారి మాత్రం లెక్క అలా కుదిరింది. అది నిజం కూడా అయింది. కొలతల పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఎప్పుడైనా కలిస్తే నేను చెప్పేది ఆ ఒక్క పని గురించే. నోటితో చెప్పి చెప్పి అలిసిపోయి ఇప్పుడు రాస్తున్నాను.

నేను పదో తరగతితో ఆగినవాణ్ణి. పెరిగింది జంషెడ్‌పూర్ భుయ్యాడీహ్‌లో. శ్రీకాకుళం వైపు నుంచి టాటానగర్ రైలు పనులకు వచ్చిన మట్టి ముఠాల్లో మా అమ్మ తట్ట మోసేది. పొడుగూ వెడల్పూ లోతూ గుణించడం నేను ఆ గోతుల గట్ల మీదే నేర్చుకున్నాను. బళ్ళో చెప్పేసరికి అది నాకు పాత పాఠం. పెద్దయ్యాక చిన్న చిన్న కాంట్రాక్టర్ల దగ్గర పరిమాణాలు చూసే పనిలో కుదిరాను. ఏ గుట్టలో ఎంత మట్టి ఉంది, ఏ పల్లం నిండడానికి ఎంత పడుతుంది, ఇదే నా పని. మోకాళ్ళు మొరాయించడంతో రెండేళ్ళ కింద మానేశాను.

మానేయడానికి కొంచెం ముందు వచ్చింది ఈ పని. జంషెడ్‌పూర్ నుంచి సువర్ణరేఖ దాటి, కొండల వెనక్కి జీపులో వెళ్తే ఒక లోయ వస్తుంది. దానిలో ఒక వాగు, ఒక ఊరు. ఆ ఊరికి చిన్న చెరువు కట్టాలి. వేసవి నడిమధ్య మేం ముగ్గురం వెళ్ళాం.

ఇంజనీరు జంషెడ్‌పూర్‌లోనే కద్మాలో పెరిగిన తెలుగు అమ్మాయి. సొంతంగా చూసుకుంటున్న మొదటి సైటు ఆమెకు అదే. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేది. కోపం వచ్చినప్పుడు మాత్రం వాళ్ళ నాయనమ్మ తెలుగు బయటికి తన్నుకొచ్చేది. నేల ఎత్తు కొలిచే లెవెల్ యంత్రం చూసేవాడు ఆ పక్కనే పర్సుడీహ్ మనిషి. నా ఈడువాడే. ఏ చుట్టరికమూ లేకపోయినా మొదటి రోజు నుంచీ నన్ను బావా అనే పిలిచాడు. నాకు చెల్లెళ్ళు లేరని చెప్పినా మానలేదు.

లోయలో అడుగు పెట్టగానే ఎవరికైనా కనిపించేది రెండు పొడుగాటి మట్టి గుట్టలు. చెరో వాలు నుంచీ చేతులు చాచినట్టు వచ్చి, వాగు దగ్గర ఆగిపోయాయి. మధ్యలో నలభై మీటర్ల సందు. వాగు ఆ సందులోంచి దిగువకు పోతుంది. సందు మూసేస్తే వెనకంతా నీరే. డ్రోను ఎగరేసి తీసిన పటంలో కూడా అవి గుట్టలుగానే ఉన్నాయి. వాటి మీద చెట్లు మొలిచాయి, మేకలు మేస్తున్నాయి. గుట్టలు కాక మరేమిటి? ఆఫీసువాళ్ళు నక్షా అప్పటికే గీసి పంపారు. సందులో కట్ట పోయాలి, వానలు దిగేలోపు అయిపోవాలి.

"సూసినావా బావా," అన్నాడు లెవెల్ మనిషి. "దేవుడు మూడొంతుల డేమ్ కట్టేసి, మిగిలింది మనకొగ్గేసినాడు."

"మిగిలిందే కదరా కష్టం. ఆయనా మన కాంట్రాక్టరు లాంటివాడే."

ఊరు ఎడమ వాలు మీద రాళ్ళ మధ్య ఇరుక్కుని ఉంది. నీళ్ళకి ఆడవాళ్ళు దిగి ఎక్కాలి. సందుకు దిగువన మాత్రం పరుపులాంటి చదును నేల. దాని మీద ఒక్క ఇల్లు లేదు. ఊరి ప్రధాన్ నలభై దాటని మనిషి, నిలకడ లేని ఉత్సాహం. మమ్మల్ని ముందు ఆ చదునుకే తీసుకెళ్ళి, రాతి పునాదులు చూపించాడు. తొమ్మిది ఇళ్ళకి ముగ్గు పోశారు. అతని ఇంటి పునాది మోకాలి ఎత్తు లేచింది.

"వాగు పొంగుతుందని పెద్దవాళ్ళు ఇక్కడ కట్టుకోలేదు. కట్ట పడితే ఇక పొంగెక్కడిది? మా ఆడవాళ్ళు గుమ్మంలోంచి చెయ్యి చాస్తే నీళ్ళు అందాలి," అన్నాడు. "కట్ట కోసం మా నాన్న తిరిగాడు, నేను తిరిగాను. ఇదివరకు రెండు సార్లు కొలిచి వెళ్ళినవాళ్ళు మళ్ళీ రాలేదు. మీరు అలా చెయ్యరు కదా?"

ఆ పునాది మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ప్రధాన్‌కి మేనత్త. ఆవిడ మాట మూడు భాషల కలగలుపు. నాకు అర్థమైంది నా తెలుగులో రాస్తున్నాను.

"మాసీ, కొత్తింట్లోకి మంచం ఎప్పుడు తెస్తున్నావు?" అన్నాను, హిందీలో పిన్నీ అని వరస పెట్టి, ఊరికే మాట కలపడానికి.

"నేను రాను. వీణ్ణే ఉండమను. వాడి బువ్వ వాడే వండుకుంటాడు."

"ఏం, ఇల్లు బాగోదా?"

"ఇల్లు బాగుంటుంది. మొదటి పెద్ద వానకి పైబండకి ఎక్కాలి కదా. మా గుమ్మం నుంచైతే చిటికెలో ఎక్కుతాను. ఇక్కణ్ణించి ఎక్కాలంటే నా మోకాళ్ళు నువ్విస్తావా?"

"నా దగ్గరున్నవీ అలాంటివే మాసీ."

ప్రధాన్ నవ్వేశాడు. ఏటా మొదటి పెద్ద వాన పడగానే ఊరంతా కుండలూ మేకలూ కోళ్ళూ పట్టుకుని ఊరి పైనున్న బండ మీదికి ఎక్కి, అక్కడే వండుకుని తింటారట. వాన తగ్గాక దిగుతారు. ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు. కొండకి మొక్కు అన్నాడు ఒకడు, పిక్నిక్ అన్నాడు ఇంకొకడు. "మా అమ్మ ఎక్కేది, నేను ఎక్కుతున్నాను," అంది ముసలావిడ. నేను కూడా నవ్వాను. మర్యాద కోసమే అయినా నవ్వాను.

పని మొదలైంది. సందుకు ఎగువన గుట్టలకి ఆనుకుని పల్లపు పొలాలు ఉన్నాయి. కట్టకి మట్టి అక్కణ్ణించి తీద్దామని అక్కడ లెవెళ్ళు చదివించాను. ఆ పొలాల్లో అక్కడక్కడా మట్టి దిమ్మెలు. ఛాతీ ఎత్తు, మనిషి చేతులు చాచి కౌగిలించుకునేంత లావు, నెత్తిన గడ్డి. ఇరవైకి అటూ ఇటూగా ఉంటాయి. రైతులు నాగలిని వాటి చుట్టూ తిప్పి దున్నుకుంటున్నారు. మా లెవెల్ మనిషి వాటిని చెదల పుట్టలన్నాడు. నిజమే, కొన్నిట్లో చెదలు ఉన్నాయి. కానీ నేను అన్నీ చదివించే మనిషిని. దిమ్మెల తలలు కూడా చదవమన్నాను.

"పుట్టల ఎత్తు నీకెందుకు బావా? చెదలకి పట్టా రాసిత్తావేటి?"

"రాయమన్నది రాయరా."

మధ్యాహ్నం రేకుల పాక నీడలో కూర్చుని ఆ అంకెలు వరసగా పేర్చుకున్నాను. పొలం అడుగు ఎగుడుదిగుడుగా ఉంది, ఉండాల్సినట్టే. దిమ్మెల తలలు మాత్రం తాడు లాగి పెట్టినట్టున్నాయి. వాలు నుంచి వాగు వైపుకు ప్రతి యాభై మీటర్లకీ ఒక మీటరు చొప్పున దిగుతున్నాయి. ఒకటి రెండు తప్ప అన్నీ అంతే. మొదటి నుంచీ కూడి మళ్ళీ చూశాను. మారలేదు.

చెదలకి లెవెల్ యంత్రం లేదు. ఏ పుట్ట ఎత్తు ఆ పుట్టదే. ఇన్ని పుట్టలు ఒకే వాలు గీత మీద తల ఆపుకోవడం నా లెక్కకి అందలేదు. అన్నం ముద్ద చేతిలో ఎండిపోయింది.

మర్నాడు పొద్దున ఒక్కణ్ణే ఇనప ఊచ పట్టుకుని అన్నిటికన్నా పెద్ద దిమ్మె దగ్గరికి వెళ్ళాను. ఏం చూద్దామని వెళ్ళానో నాకే తెలియదు. గడ్డి పక్కకి తీసి ఊచని దిమ్మె నడినెత్తిన గుచ్చాను. జానెడు దిగి ఠంగుమని ఆగింది. గట్టి నేల. అప్పుడు తెలిసింది, నా చెయ్యి ఏం చేస్తోందో. ఆ గుచ్చడం నేను చిన్నప్పుడు కొన్ని వందల సార్లు చూసినదే.

ఇది కొత్తవాళ్ళకి కాస్త విడమరచాలి. ముఠాలు గొయ్యి తవ్వుతున్నప్పుడు మొత్తం తవ్వరు. మధ్యమధ్య ఒక్కో దిమ్మె అలాగే వదిలేస్తారు. పని అయ్యాక కొలతల మనిషి వచ్చి, దిమ్మె తల నుంచి గొయ్యి అడుగు దాకా కొలిచి లోతు తేలుస్తాడు. దిమ్మె తల మీద పాత గడ్డి ఉండి తీరాలి. ఒకప్పటి నేల మట్టం అదేనని గుర్తు. కొందరు గడుసువాళ్ళు ఆ గడ్డి ఎత్తి, కింద రెండు తట్టల మట్టి వేసి, దాన్ని మళ్ళీ కప్పేసి లోతు పెంచేస్తారు. అందుకే ఊచ గుచ్చడం. పోసిన మట్టైతే ఊచ మెత్తగా దిగిపోతుంది. మా అమ్మ వాళ్ళ ముఠా కొలతల రోజున దిమ్మెల చుట్టూ పిల్లల్ని కూడా తిరగనిచ్చేది కాదు. కొలత అవగానే దిమ్మెని కొట్టేసి, ఆ మట్టిని కూడా కట్ట మీద పోసి వెళ్ళిపోతారు. ఏ గోతిలోనూ దిమ్మె మిగలదు.

ఇక్కడ మిగిలాయి.

అంటే ఈ పల్లపు పొలాలు పొలాలు కావు, తవ్విన గోతులు. మనుషులు తవ్వారు. తవ్వినదాన్ని ఎక్కడో పోశారు. తలెత్తి చూస్తే ఎదురుగా రెండు గుట్టలు, మేకలతో సహా.

పాకకి తిరిగొచ్చి లెక్క వేశాను. దిమ్మెల తలల్ని కలుపుతూ పాత నేల గీసి, దాని కింద ఖాళీ ఎంతో చూశాను. సుమారు పద్దెనిమిది వేల ఘనపు మీటర్లు. రెండు గుట్టల్లో ఉన్నది పద్నాలుగు వేలు. తక్కువైంది నాలుగు వేలు. నలభై మీటర్ల సందుని ఆ గుట్టల ఎత్తుకే నింపితే ఎంత పడుతుంది? ఆ లెక్క ముందే నా దగ్గర ఉంది, ఎందుకంటే మేం పోయబోయేది అదే. నాలుగు వేలు.

మొదట్లో చెప్పిన జబ్బు ఇక్కడ మొదలైంది. ఇంత చక్కగా కుదరకూడదు. ఎన్ని వానలు కోసుకుపోయి ఉంటాయి, గోతుల్లోకి ఎంత ఒండ్రు చేరి ఉంటుంది, తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఉంటాయి. అన్నీ ఒప్పుకున్నాను. ఒప్పుకున్నా మాట మారలేదు. ఆ సందు ఒకప్పుడు నిండి ఉండేది. కట్ట పూర్తయింది. దిమ్మెలు కొలిచేలోపే తెగింది. కొలవడానికి ఎవరూ మిగల్లేదో, మిగిలినవాళ్ళు నిలబడలేదో.

అది సందు కాదు, గండి.

ఇంజనీరు అమ్మాయి అంతా విని నా లెక్క కాగితం తన వైపు తిప్పుకుంది. "అంకుల్, పక్కా?" అంది.

"లెక్క పక్కా. మట్టిని తవ్వి చూడాలి తల్లీ."

"గుట్టలు పోసిన మట్టే అయితే ఆనించడానికి మనకి గట్టిది ఏదీ లేదు. నీళ్ళు నిలిస్తే మన కొత్త ముక్క నిలబడుతుంది, రెండు పక్కల పాతవి జారిపోతాయి." హిందీలో మొదలుపెట్టి తెలుగులోకి దొర్లింది. "దిగువనేమో తొమ్మిది ఇళ్ళు! ఆఫీసోళ్ళకి ఏటి సెప్పాలి నేను? డ్రోనుకి కళ్ళు నేవని సెప్పాలా?"

"ఓలమ్మో, మేడమ్‌కి కోపమొచ్చింది," అన్నాడు లెవెల్ మనిషి మెల్లిగా.

అదే రోజు ప్రధాన్‌కి చెప్పాం. గుట్టని నిలువునా కోసి చూడాలి, అందాకా సందులో పని ఆగాలి అని. అతను ముందు నవ్వాడు, తర్వాత మొహం గట్టిపడింది.

"అది గుట్ట. మా తాతల మేకలు మేసిన గుట్ట. మనుషులు పోశారంటారా? ఏ మనుషులు? మాకు ఎవరూ చెప్పలేదే. పని వదిలి వెళ్ళిపోవాలంటే వెళ్ళిపోండి, కథలెందుకు?"

"వెళ్ళిపోవాలనుంటే చెప్పకుండానే పోయేవాళ్ళం," అంది అమ్మాయి. "ఒక్క చోట కోద్దాం. ఊరంతా చూస్తుండగా. అంతా ఒకే గట్టి నేలైతే మర్నాడే సందులో మట్టి పడుతుంది. నేనే నిలబడి పోయిస్తాను."

"ఈ పెద్దాయన లెక్క తప్పైతే?"

"తప్పైతే నేను జీపెక్కుతాను," అన్నాను. "మళ్ళీ రాను."

కోసే ముందు ఇంకో లెక్క చేశాను. దిమ్మెల తలల గీతనే గుట్ట కిందికి పొడిగిస్తే పాత నేల ఎంత లోతున ఉండాలి? కోత మొదలుపెట్టే చోటి నుంచి రెండు మీటర్ల డెబ్బై. అక్కడ పాత గడ్డి నేల నల్లటి చారలా కనిపించాలి. కనిపించకపోతే నేను రాసుకున్నదంతా చిత్తు కాగితం. ఆ అంకెని ఊరందరి ముందూ చెప్పాను. అమ్మాయి కొలబద్ద మీద ఆ చోట సుద్దతో గీత గీసింది. మనసులో పెట్టుకున్న అంకెని ఎటైనా సర్దుకోవచ్చు. నలుగురి ముందు చెప్పినదాన్ని సర్దలేం. ఇది మాత్రం గుర్తుంచుకోండి.

కోత రోజు పొద్దున ఊరంతా గుట్ట మీదికి వచ్చింది. ముసలావిడ గొడుగు వేసుకుని ఒక రాయి మీద కూర్చుంది. జేసీబీ పళ్ళు దించింది. పై పొర పోయింది. ఎర్ర మొరం, గట్టిగా, ఒకే రంగు. ఇంకో బకెట్. ఎర్ర మొరం. ఇంకోటి. అదే. ప్రధాన్ చేతులు కట్టుకుని నా వైపు చూస్తున్నాడు.

"బావా," అన్నాడు లెవెల్ మనిషి చెవిలో, "జీపు స్టార్ట్ సేసి ఉంచీమంటావేటి?"

"నోర్ముయ్."

"నానూ వత్తాను కదా, నీకెందుకు బెంగ?"

ఎండకీ వానకీ మేకల కాళ్ళకీ పైనున్న మీటరు మట్టి రాయిలా బిగిసిపోయి ఉంటుందని నాకు తెలుసు. తెలిసినా కొలబద్ద మీది సుద్ద గీతని మళ్ళీ చూసుకున్నాను. తర్వాతి బకెట్ లేచినప్పుడు మట్టి గడ్డలుగా కాకుండా పొడిగా రాలింది. డ్రైవరు తనే ఆపేశాడు. కోత గోడ మీద మచ్చలు. ఒకటి ఎర్రది, పక్కన పసుపుది, దాని మీద బూడిద రంగుది. ఒక్కోటి బోర్లించిన గిన్నె ఆకారం. గోడంతా అవే, ఒకదాని మీదొకటి, చేప పొలుసుల్లా.

ముసలావిడ గొడుగు మూసి, ఇద్దరి భుజాలు పట్టుకుని కోతలోకి దిగింది. ఒక మచ్చ మీద అరచెయ్యి ఆనించింది.

"తట్ట," అంది. "నెత్తి మీంచి వంపితే ఇలాగే పడుతుంది. ఇది ఆడవాళ్ళు పోసిన మట్టి."

నేను మా అమ్మని తలుచుకున్నాను. అంతకన్నా రాయను.

ఇంకా కిందికి కోశాం. పొలుసుల వరస అయిపోయి నల్లటి చార వచ్చింది, వేలెడు మందం. వేళ్ళ పీచు కూడా ఉంది. ఎప్పటిదో గడ్డి, ఈ మట్టి కింద ఊపిరాడక నల్లబడిపోయింది. అమ్మాయి కొలబద్ద దించింది. రెండు మీటర్ల తొంభై.

"బీస్ సెంటీమీటర్ కా ఫరక్, అంకుల్," అంది, ఇరవై సెంటీమీటర్ల తేడా అని.

"నీ మీద అంత మట్టి కూర్చుంటే నువ్వైనా ఆ మాత్రం కుంగుతావు."

నిజానికి ఆ ఇరవై చూశాకే నాకు ప్రాణం లేచి వచ్చింది. సరిగ్గా డెబ్బై దగ్గర తేలి ఉంటే నన్ను నేనే నమ్మేవాణ్ణి కాదు.

ప్రధాన్ కోతలోకి దూకి పొలుసు మట్టి పిడికిట పట్టి నొక్కాడు. ముద్ద కాలేదు, వేళ్ళ సందుల్లోంచి జారింది. దిమ్మిస లేకుండా, తట్టలు వంపుకుంటూ పోయిన మట్టి. అతను తలెత్తి సందు చూశాడు. అక్కణ్ణించి దిగువకి, తన పునాది వైపు చూశాడు. ఆ తర్వాత పైకి, ఊరి మీదున్న బండ వైపు. ఆ చూపు తిరిగిన వరసే నేను అతనికి చెప్పాలనుకున్న లెక్క. చెప్పే పని లేకపోయింది.

"అందుకా అత్తా, మనం ఎక్కేది?" అన్నాడు.

"నాకేం తెలుసు? మా అమ్మ ఎక్కేది," అంది ఆవిడ.

కాసేపటికి అతను ఇంజనీరు అమ్మాయిని అడిగాడు, గొంతు తగ్గించి. "అయితే మాకు చెరువు లేదా?"

"ఉంది. ఇక్కడ కాదు."

ఎగువన వాగు ఇరుకయ్యే చోట రెండు వైపులా అసలైన బండ ఉంది. అక్కడ కడితే నీరు మూడో వంతు తగ్గుతుంది. ఆఫీసు నక్షా మార్పించడానికి ఆ అమ్మాయి ఫోనులో ఎన్ని తిట్లు తిందో నాకు తెలుసు. తిరిగి ఎన్ని తిట్టిందో కూడా తెలుసు, అది తెలుగులో కాబట్టి. కోత ఫోటోలు పంపింది. ఆ మచ్చల గోడని చూశాక అటునుంచి మాట తగ్గింది. ఆ ఏటి వానలకి కట్ట అందలేదు. ఊరు ఇంకో ఏడాది కిందికి దిగి నీళ్ళు మోసింది. దాని బరువు నేను తగ్గించి చెప్పను. ప్రధాన్ తన పునాది తనే విప్పి, ఆ రాళ్ళని పై వాలుకి మోయించాడు. మొదట్లో నాతో మాట్లాడేవాడు కాదు. రాళ్ళు మోసే రోజుల్లో ఒకసారి ఆగి, "పెద్దాయనా, ఇదే మాట పునాదికి ముందు చెప్పుంటే నా నడుం మిగిలేది," అన్నాడు. దాంతో రాజీ పడ్డామని అనుకున్నాను.

ఆ పాత కట్ట ఎవరు పోశారని చాలామంది అడిగారు. ఊళ్ళో ఎవరికీ తెలియదు. దిమ్మెలు వదిలిన తీరు మా వైపు ముఠాల పద్ధతిలాగే ఉంది. ఒక వరసలో దిమ్మెకీ పక్క వరసలో దిమ్మెకీ ఎదురు పడకుండా వదిలారు, మా అమ్మ వాళ్ళు వదిలినట్టే. కానీ అలా వదిలేవాళ్ళు ఇంకెక్కడా లేరని నేను ప్రమాణం చెయ్యలేను. తెగిన రోజున దిగువ చదును మీద ఎవరున్నారో, ఎంతమంది ఉన్నారో దానికీ ఆధారం లేదు. ఆధారం లేని చోట నేను అంకె వెయ్యను. అది జరిగిందనడానికి మిగిలినవి గడ్డి నెత్తిన పెట్టుకున్న దిమ్మెలు, వాన పడగానే కుండలెత్తుకుని పైకి నడిచే ఊరు. మేం ఒకదాన్ని చెదలకి రాసిచ్చాం, రెండోదాన్ని చూసి నవ్వాం.

మర్నాటి వేసవిలో కొత్త కట్ట లేచింది. పొర పొరకీ నీళ్ళు చల్లి, రోలరు తిప్పి కట్టాం. మట్టి తీసిన గోతుల్లో మూడు దిమ్మెలు వదిలించాను. ఈ రోజుల్లో వాటితో పని లేదు, యంత్రమే అంతా కొలుస్తుంది. జేసీబీ డ్రైవరు చివరి రోజు వాటిని ఎగరగొట్టబోతే నేను అడ్డం నిలబడ్డాను.

"ఏటి బావా, ఈటికి గుడి కడతావేటి?" అన్నాడు లెవెల్ మనిషి.

"ఉండనీ. ఎప్పుడో ఎవడో వచ్చి ఆ కట్టని చూసి గుట్ట అనుకుంటాడు."

"అప్పటికి డ్రోనులు తెలివిమీరతాయి కదా."

"వాటికీ ఊచ గుచ్చడం రావాలి."

ఆ తర్వాతి మొదటి పెద్ద వానకి నేను ఆ ఊళ్ళోనే ఉన్నాను. నా పని అయిపోయి చాలా రోజులైంది. బస్సెక్కి, ఎవరూ పిలవకుండానే వెళ్ళాను. ఊరంతా బండ మీద ఉంది. టార్పాలిన్ల కింద పొయ్యిలు, కోళ్ళ బుట్టలు, తడిసిన మేకల వాసన. ప్రధాన్ ఒక గొర్రెపిల్లని చంకన పెట్టుకుని అందరికన్నా ముందే ఎక్కాడట. కింద వాన తెరలో కొత్త చెరువు నిండుతోంది. కట్ట మీద ఒక్క చినుకు కూడా నిలవకుండా జారిపోతోంది, నేను చూపించిన వాలులోనే. చూసి నాకు గర్వం వేసింది. ఎందుకు వేయకూడదు?

ముసలావిడ పక్కన కూర్చుని అన్నాను. "మాసీ, ఇక ఈ ఎక్కడాలు మానేయొచ్చు. ఈ కట్ట లెక్కంతా నేనే చూశాను. ఇది తెగదు."

ఆవిడ కుండలో గరిటె తిప్పుతూ నా వైపు చూడకుండానే అంది.

"అది పోసినవాళ్ళూ ఇలాగే కూర్చుని ఇదే అనుంటారు. పళ్ళెం పట్టు."

పట్టాను.